కనకం వంటింట్లో నిప్పు

తువ్వాలు భగ్గుమంది. ప్రత్యూష దాన్ని లాగి నేలకేసి కొట్టి, బిందెడు నీళ్ళు ముందు దాని మీద, తర్వాత సిగిడీలో, ఆ బొగ్గుల పొయ్యిలో, గుమ్మరించింది. పొగలో అత్తగారు కనకం గోడకి ఆనుకుని నిలబడింది.

"బస్, హో గయా! ఇంక చాలమ్మా!" తిరుమలరావు దగ్గుతూనే తల్లి మీద అరిచాడు. "తెల్లారేసరికి సిగిడీ మండుతూనే ఉంటాది. గ్యాస్ ఉండగా ఈ బొగ్గులేటి? తాళం ఇలాగిచ్చీ."

"నానే ఎలిగించాను నాయనా. మర్చిపోనాను."

"నిన్నా ఇదే మాట! రేపట్నుంచి వంట మేడమీదే. ఈ గది మూసేస్తన్నాను."

కనకం తాళం కొడుకు చేతిలో పెట్టింది. మొహం పాలిపోయింది. హిందీవాళ్ళ సీమలో, కుదుదండ్ పేటలోని ఆ ఇంట్లో ఆవిడ తనదనుకున్నది ఆ వంటిల్లొక్కటే. మూడో మనిషి పట్టని గది. పీట మీద కూర్చుంటే ఉప్పు జాడీ నుంచి నూనె డబ్బా దాకా చేతికందుతాయి. ఆవిడ అత్తగారు అసిరమ్మ ఆ పొయ్యి ముందే ప్రాణం విడిచింది. ఆ ముసలమ్మే వచ్చి నిప్పు రాజేస్తోందని పక్కింట్లో గుసగుసలు. ప్రత్యూష నవ్వి కొట్టిపారేసేది. కానీ మూసిన తలుపు వెనక ఎవరో "అమ్మా" అని పిలవడం ఆ తెల్లవారుజామునే తనూ విన్నది.

వరండాలో మామగారు చిన్నారావు తాపీగా బూట్లు తుడుచుకుంటున్నాడు. రైలు డ్రైవరుగా రిటైరయినా ఆ అలవాటు పోలేదు.

ప్రత్యూష పొయ్యిలోకి తొంగి చూసి ఆగిపోయింది.

"అత్తయ్యా, ఈ బొగ్గులు తీసేసి మళ్ళీ పేర్చండి."

"ఇప్పుడేటే, నీకు ఏళాకోళం!"

"ఒక్కసారి."

కనకం చల్లారిన బొగ్గుల్ని తట్టలోకి వంచింది. తిరిగి మధ్యలో గోపురంలా కుప్ప పోసింది.

"దేఖా?" ప్రత్యూష భర్త వైపు తిరిగింది. "ఇందాక అంచుల్లో ఎత్తుగా ఉన్నాయి, మధ్యలో పల్చగా. అత్తయ్య చెయ్యి కాదది. అత్తయ్యా, ఆ తప్పు మీరెందుకు నెత్తినేసుకుంటున్నారు?"

తిరుమలరావు గొంతు తగ్గిపోయింది. ఆవిరి ఇంజన్లో బొగ్గు అలాగే వెయ్యాలని అతను చిన్నప్పుడు వంద సార్లు విన్నాడు. డ్రైవరు కాకముందు ఇంజన్లో బొగ్గు వేసిన మనిషి నోటే విన్నాడు.

"అమ్మా... ఎన్నాళ్ళుగా?"

కనకం కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు ఆగలేదు.

"డ్యూటీకి పిలుపొచ్చిందంటారు. నిప్పు రాజేసి, 'అమ్మా, క్యారేజీ కట్టు' అంటారు. నన్ను సూసే అంటారు. ఆ కళ్ళల్లో నాను లేనురా, మా అత్తుంటాది. నాకు మతిపోయిందనుకున్నా పర్లేదు. ఆ మనిషిని పిచ్చోడంటే సూడలేను."

తిరుమలరావు చేతిలోని తాళం గూట్లో పెట్టేసి తల్లి పక్కనే నేల మీద కూలబడ్డాడు.

"నీ వంటిల్లు నీదే. రేపు డాక్టరు కాడికెళ్దాం. ఆయనడిగితే మాత్రం 'నానే ఎలిగించాను' అనకు. ఎవులు ఎలిగిస్తన్నారో చెప్పు. ఇప్పుడు, ఇక్కడ."

కనకం పెదవులు కదిలాయి. పెళ్ళయిన నాటినుంచి ఆవిడ నోట భర్త పేరు రాలేదు. పేరెత్తితే మొగుడి ఆయుష్షు తరుగుతుందని నమ్మిన మనిషి.

వరండా వైపు చూసింది. కళ్ళు మూసుకుంది.

"చిన్నారావు," అంది.