గాలి ధార కింద వేడి మచ్చ

ఆళ్లగడ్డలో డిటెక్టివ్ యశోదమ్మ ఆఫీసు మెట్లు షిఫా పరుగున ఎక్కింది.

"అక్కా, నా ప్రాజెక్టు ఎవరో చెడగొడ్తాండారు. రేపే పరీక్ష!" అంది ఆ ఇంజనీరింగ్ పిల్ల.

అసిస్టెంటు రఫీ కుర్చీ జరిపాడు. యశోదమ్మ చేతిలోంచి తప్పించుకునేవాడు ఇంకా పుట్టలేదని అతని నమ్మకం.

వేడి రాగి పలక మీదికి పైనుంచి గాలి ధార కొడితే ఎక్కడ ఎంత చల్లబడుతుందో షిఫా కంప్యూటర్లో సిమ్యులేషన్ చేసింది. ధార సూటిగా తగిలే నడిమధ్య బాగా చల్లబడాలి, చుట్టూ వలయాలుగా వేడి పెరగాలి. మొదట్లో అసలు పలక లోపలి సెన్సర్లూ అదే చూపించాయి. ఇప్పుడేమో ఒక పక్క వేడి మచ్చ పడుతోంది.

"నా సిమ్యులేషనే తప్పని మా ప్రొఫెసర్ సార్ తిడతాండారు. ల్యాబ్ తాళంచెవి అటెండర్ సాయినాథ్ దగ్గరుంటాది. వాని మీదే నాకు అనుమానం."

ముగ్గురూ బస్సెక్కి నంద్యాలలోని షిఫా కాలేజీకి చేరేసరికి భోజనాల వేళ దాటింది. ల్యాబులో ప్రొఫెసర్ సుబ్బరామయ్య టిఫిన్ డబ్బా ముందుకు జరిపాడు.

"తినండమ్మా, బెల్లం పూర్ణం ఓళిగలు. పొద్దున పాణ్యంలో మా ఇంట్లో చేసినారు."

రఫీ ఒకటి అందుకుని, చురుక్కుమన్న వేళ్లను ఊదుకున్నాడు. యశోదమ్మ మాత్రం నల్లరంగు పూసిన పలక మీదికి వంగింది. బల్లకాలు వెంట చీమలు దానివైపే బారులు తీరాయి.

"సాయినాథూ, ఈడ స్టవ్ ఉందా?" అని తలుపు దగ్గర నిలబడిన అటెండర్‌ను అడిగింది.

"అగ్గిపెట్టె కూడా తేనీయరక్కా. ఆ పలక హీటరొక్కటే పొద్దంతా ఆన్‌లో ఉంటాది."

"మధ్యాన్నం యాడుంటావ్?"

"క్యాంటీన్లో. తాళంచెవి సార్‌కిచ్చి పోతా."

యశోదమ్మ అందరినీ పలక చుట్టూ నిలబెట్టి, హీటర్ ఆపించింది. పలక చల్లారాక గోటితో ఒక పక్క గీకితే నల్లటి పెచ్చు లేచింది. వాసన చూసి నవ్వింది.

"మాడిన బెల్లం, నెయ్యి. నలుపులో నలుపు కలిసి కనపళ్లేదు. ఈ పెచ్చు దుప్పటి మాదిరి అడ్డం పడితే కిందుండే వేడిని గాలి యాడ లాగుతాది? అందుకే ఆ పక్క మచ్చ. పొద్దున చేసిన ఓళిగ, పొయ్యి లేని గదిలో మా రఫీ వేళ్లు ఎట్లా కాల్చింది సార్?"

రఫీ నమలడం ఆపేశాడు. అప్పటికే సగం సాక్ష్యం కడుపులోకి వెళ్లిపోయింది.

"చల్లారితే గట్టిపడతాయమ్మా..." సుబ్బరామయ్య గొణిగాడు. "పలక ఊరికే కాలుతాంది కదా అని..."

"ఇన్ని దినాలూ నన్నెందుకు తిట్టినారు సార్!" షిఫా కళ్లు చెమర్చాయి. సాయినాథ్ వైపు తిరిగి, "తప్పయిందప్పా," అంది.

ప్రొఫెసర్ చొక్కా చేతులు మడిచి, పలకను స్వయంగా తోమాడు. మళ్లీ వేడిచేసి గాలి వదిలితే, వలయాలు సిమ్యులేషన్‌లో మాదిరే గుండ్రంగా వచ్చాయి.

మర్నాడు, మధ్యలో కొన్నాళ్లు సెన్సర్ల లెక్కలు ఎందుకు తేడా వచ్చాయని పరీక్షకుడు అడిగాడు. షిఫా నోరు తెరవకముందే సుబ్బరామయ్య లేచాడు.

"ఆ పాప లెక్కల్లో తప్పు లేదు సార్. తప్పంతా నా నోటిదే."