గుండీ కళ్ల సాక్ష్యం

ఆవిడ లోపలికి వస్తూనే తలుపు గడియ పెట్టింది. అది డిటెక్టివ్ గారి ఆఫీసు. వచ్చినవాళ్లు గడియ పెట్టుకోవలసిన అవసరం అక్కడ ఏమీ లేదు. అయినా పెట్టి, ఒకసారి లాగి చూసి, అప్పుడు కూర్చుంది. అసిస్టెంటు అందించిన మంచినీళ్ల గ్లాసును తాగకుండానే బల్లమీద పెట్టేసింది.

"మా పాపని చంపేస్తారు సార్," అంది.

ఆవిడ గుడ్డబొమ్మలు కుడుతుంది. ఆ బొమ్మల ఫోటోలు సోషల్ మీడియాలో తన పేజీలో పెడుతుంది. చూసి ముచ్చటపడి అడిగినవాళ్లకు పంపుతుంది. దుకాణం లేదు, యజమాని లేడు, ఉన్నదల్లా ఆ పేజీయే.

ఫోను తీసి చూపించింది. తొమ్మిది రోజుల కిందట, ఊరూ పేరూ లేని ఖాతా నుంచి ఆవిడ పేజీని జతచేస్తూ ఒక ఫోటో వచ్చింది. అందులో ఉన్నది ఆవిడ కుట్టిన బొమ్మే. దాని ఒంటిమీద పసుపు చుక్కల గౌను. ఆవిడ ఏడేళ్ల కూతురికీ అదే గుడ్డతో అలాంటి గౌనే ఉంది. బొమ్మ గొంతులో ఈ చివర నుంచి ఆ చివరకు దబ్బనం దిగి ఉంది. కింద ఒకే మాట: "తర్వాత బొమ్మ కాదు."

మూడు రోజులకు రెండోది వచ్చింది. ఇంకో మూడు రోజులకు మూడోది.

"అవి నేనింకా ఎవరికీ చూపించని బొమ్మలు సార్. మా పనిగది బీరువాలోంచి పోయాయి. పోలీసులు రాసుకున్నారు, ఆ ఖాతా ఎవరిదో తేలడానికి టైమ్ పడుతుందన్నారు. అంతదాకా పిల్లని ఏ గుండెతో బడికి పంపను? భయమేసి మొన్న లైవ్‌లోకి వెళ్లి, ఎవరైనా సాయం చెయ్యండని ఏడ్చాను కూడా."

అసిస్టెంటు చూపు దబ్బనం మీదే ఆగిపోయింది. డిటెక్టివ్ మాత్రం దబ్బనం వంక చూడనేలేదు. ఫోను తెర మీద రెండు వేళ్లు ఆనించి, బొమ్మ కంటిని పెద్దది చేసుకుంటున్నారు. బొమ్మ కళ్లు నిగనిగలాడే నల్లగుండీలు.

"ఇవాళ మళ్లీ మూడో రోజు కదమ్మా," అన్నారాయన లేస్తూ. "పదండి."

పనిగది ఒక మేడ మీద ఉంది. పొడుగాటి గదిని ముగ్గురు పంచుకున్నారు. కిటికీ పక్కన బొమ్మలావిడ, ఆవిడ చెల్లెలు. గోడవైపు నల్లగుడ్డ వేలాడదీసిన మూలలో కొవ్వొత్తులావిడ. గుమ్మం దగ్గర కుట్టుమిషనుతో ముసలి టైలరు. తాళంచెవి అందరి దగ్గరా ఉంది. బొమ్మలావిడ పాపను వదిలి ఉండలేక తన బల్ల పక్కన అడ్డం కట్టిన తెర వెనక గుడ్డలమూటల మీద పడుకోబెట్టి, నిమిషానికోసారి తెర తొలగించి చూస్తోంది.

టైలరు తన పాత ఫోను బల్లమీద పెట్టాడు. "దీన్లో మాట్లాడ్డం తప్ప నాకేమీ చేతకాదు బాబూ. ఆ పిల్ల నా కళ్లముందు పెరిగింది."

కొవ్వొత్తులావిడ అంత మెత్తగా లేదు. "నాకు వాళ్లంటే పడదు, దాచుకోవడమెందుకు? నా పేజీ చూసేవాళ్లు మూడొందలు దాటలేదు. కడుపు మండదా? అంతమాత్రాన పసిపిల్ల జోలికి పోతానా?"

"ఫోటోలు ఎలా తీస్తారు?"

"కిటికీ మూసేసి, ఆ నల్లగుడ్డ ముందు. వెలుగులో కొవ్వొత్తికి అందమేముంది? తీసిందాన్ని అప్పటికప్పుడే పెట్టేస్తాను."

అసిస్టెంటు తన పుస్తకంలో ఆవిడ పేరు కింద రెండు గీతలు గీశాడు. అతని అనుమానం ఎప్పుడూ గట్టిగా మాట్లాడేవాళ్ల మీదకే పోతుంది.

చెల్లెలు ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉంది. "అక్క కుడుతుంది, ఫోటోలూ పేజీ నేను చూస్తాను సార్. మధ్యాహ్నం కిటికీ ఎండలో తీస్తాను. రెండోపక్క నీడ పడకుండా ఈ థర్మకోల్ అట్ట నిలబెడతాను." మూల విరిగిన తెల్లటి అట్టను చూపించింది. "పొద్దున్నే ఎక్కించి టైమ్ పెట్టేస్తే సాయంత్రం ఏడింటికి దానంతటదే పేజీలోకి వెళ్తుంది. జనం ఎక్కువ చూసేది అప్పుడే."

"పేజీ చూసేవాళ్లు ఎంతమంది?"

"పదిరోజుల కిందట నాలుగొందలు. ఇప్పుడు ముప్పైవేల రెండొందల పద్నాలుగు."

ఇంత దుఃఖంలోనూ లెక్క తప్పని ఆ అమ్మాయి జ్ఞాపకశక్తిని అసిస్టెంటు మనసులోనే మెచ్చుకున్నాడు.

సరిగ్గా ఏడింటికి బొమ్మలావిడ ఫోను మోగింది. ఆవిడ చూసి, కెవ్వుమని దాన్ని కింద పడేసింది. రెండు చేతులూ కత్తిరించిన బొమ్మ. కింద, "రేపే."

అసిస్టెంటు చటుక్కున లేచాడు. చుట్టూ చూశాడు. టైలరు మిషను దగ్గరున్నాడు. చెల్లెలి చేతులు ఒళ్లో ఉన్నాయి. కొవ్వొత్తులావిడ ఒక్కతే ఫోను పట్టుకుని నిలబడింది.

"గురువుగారూ!" అంటూ ఒక అడుగు ముందుకు వేశాడు.

"తొందరపడకు," అన్నారు డిటెక్టివ్. "అందరూ కూర్చోండి. అమ్మా, మీ పాపకి ఏ ప్రమాదమూ లేదు. ముందు ఆ మాట వినండి."

కింద పడిన ఫోను తీసి, బొమ్మ కంటిని పెద్దది చేసి అందరికీ చూపించారు. నల్లగుండీలో ఒకపక్క కిటికీ కనిపిస్తోంది. రెండోపక్క తెల్లటి అట్ట, దానికి ఒక మూల లేదు.

"నాలుగు ఫోటోల్లోనూ ఇదే ఉంది. బెదిరించేవాడికి భయం కావాలి, నీడ పోగొట్టాల్సిన పనేముంది? బొమ్మ చక్కగా కనపడాలని చెయ్యి దానంతటదే అట్ట నిలబెట్టింది. అది రోజూ చేసే చెయ్యి. కొవ్వొత్తులకి చీకటి కావాలి, టైలరుగారికి ఫోటోలే రావు. ఏడింటికి అందరి ఎదుటా ఖాళీచేతులతో కూర్చోవడమూ కష్టం కాదు, పొద్దున్నే టైమ్ పెట్టినవాళ్లకి. ఇక దీనివల్ల ఎవరికైనా ఏమైనా పెరిగిందా అంటే, ఈ పేజీ ఒక్కటే పెరిగింది."

బొమ్మలావిడ మెల్లగా చెల్లెలివైపు తిరిగింది.

"నెలాఖరుకి పేజీ మూసేసి ప్యాకింగ్ పనికి పోతానన్నావు కదక్కా," అంది చెల్లెలు తలెత్తకుండా. "ఆరేళ్లు కుట్టావు. ఒక్కరూ చూడకపోతే... ఒక్కసారి భయపెడితే చూస్తారనుకున్నాను. చూశారు. రెండ్రోజులకి తగ్గిపోయారు. అందుకని మళ్లీ పెట్టాను. నీకు చెబితే నీ మొహంలో నిజమైన భయం ఉండదని చెప్పలేదు. నువ్వు లైవ్‌లో ఏడ్చిన రోజు ఒక్కరోజే పదివేల మంది..."

"నోరుముయ్యి!" అంది బొమ్మలావిడ. ఆ గొంతు విని కొవ్వొత్తులావిడ కూడా ఉలిక్కిపడింది.

ఆ అరుపుకి తెర కదిలింది. పాప నిద్రకళ్లతో బయటికి వచ్చి అందరి మొహాలూ చూసింది. తల్లి చేతులు చాపింది. కానీ పాప తల్లిని దాటుకుని వెళ్లి, పిన్ని ఒళ్లోకి ఎక్కి, మెడ వాటేసుకుని మొహం దాచుకుంది. తొమ్మిది రోజులుగా భయమేసినప్పుడల్లా అక్కడే దాక్కుంటోంది.

"పిన్నీ, మళ్లీ ఫోటో వచ్చిందా? ఎవరు పెడుతున్నారు పిన్నీ?"

పాపను పట్టుకోవడానికి లేచిన చెల్లెలి చేతులు గాలిలోనే ఆగిపోయాయి. ఆమె అక్కవైపు దీనంగా చూసింది.

"అడుగుతోంది కదా," అంది బొమ్మలావిడ. "నువ్వే చెప్పు."