పదహారింట ఎనిమిది

“ఇవాళ కూడా మిక్సీ వద్దంటే ఎలాగే? పచ్చడి చేత్తో పిసకమంటావా?” అంది సుభద్రమ్మ.

“రోలుందిగా అత్తయ్యా. పనికెళ్లే ముందు నా చెవిన చప్పుడు పడకూడదని మీకు తెలుసుగా,” అంది హైమవతి.

“తెలుసు. నీ చెవులు సర్కారువి. నా రెక్కలే ఎవరికీ పట్టవు.”

హైమవతి నవ్వబోయి మానుకుంది. చెవుల్లో దూది పెట్టుకుని శ్రవణ భవనానికి బయల్దేరింది. పదకొండేళ్లుగా అదే దారి. దారిలో ఎవరు పలకరించినా ఆమెకు వినబడదు. ఇప్పుడు ఎవరూ పలకరించడం లేదు.

ఆమె శ్రోతగా కూర్చునే నాలుగో గదికి చనిపోయినవాళ్ల గొంతులు వస్తాయి. ఒక్కో గొంతుకూ రెండు రూపాలు: మూలం, తక్కువ చోటు పట్టేలా చేసిన కుదింపు. ఏది వినిపిస్తోందో చెప్పకుండా తెరవెనక యంత్రం పదహారుసార్లు వినిపిస్తుంది. పన్నెండుసార్లయినా సరిగ్గా పోల్చగలిగితే మూలం నిలుస్తుంది. లేకపోతే శ్రోత వేలిముద్ర వేయాలి. వేయగానే మూలం చెరిగిపోయి కుదింపే మిగులుతుంది. గొంతులు దాచే ధ్వనికోశంలో చోటు అంత ఇరుకు. ఒక శ్రోత విన్న గొంతును మరొకరికి పంపరు.

ఆ రోజు మూడో గొంతు, “హైమా, గొడుగు తీసుకెళ్లావా?” అంది.

ఆమె భర్త చలపతి. పోయి నాలుగేళ్లు.

సొంతవాళ్ల గొంతు వస్తే గంట నొక్కి లేచిపోవాలి. ఆమె నొక్కలేదు. తనకన్నా బాగా ఎవరు పోల్చగలరనుకుంది. ‘గొడుగు’ అనేముందు ఆయన తీసే చిన్న ఊపిరి కోసం కళ్లు మూసుకుని విన్నది. అది ప్రతిసారీ ఉంది.

పదహారింట ఎనిమిది. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది.

“వేలిముద్ర వేయండి,” అంది యంత్రం.

వేలు పలకదాకా వెళ్లి ఆగింది. “వేయను.”

“వేయనిదే ఇవాళ తరువాతి గొంతు రాదు.”

“తెలుసు,” అంది. సాయంత్రందాకా ఆ నిశ్శబ్దంలోనే కూర్చుంది.

రాత్రి భోజనాల దగ్గర కూతురు వసుధకు చారు పోస్తూ, “ఇవాళ నాన్న గొంతు వచ్చింది,” అంది.

సుభద్రమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. “పోల్చావు కదూ?”

“లేదత్తయ్యా. రెండూ ఒకేలా ఉన్నాయి.”

“ఇన్నేళ్లు కాపురం చేసి? కన్నదాన్ని, నన్ను కూర్చోబెడితే చెప్పేదాన్ని!”

“నేనూ అలాగే అనుకున్నాను.”

“అయితే ఆ పరీక్షే తప్పమ్మా,” అంది వసుధ.

“పరీక్షలో తప్పేం లేదు. తేడా నా చెవికి అందలేదు, నిజం. నా చెవికి అందనంత మాత్రాన దాన్ని లేకుండా చేసే హక్కు నాకెక్కడిది?” గరిటె గిన్నెలో పెట్టింది. “వేలిముద్ర వేయలేదు. రేపూ వెళ్తాను, వింటాను, వచ్చిన లెక్క ఉన్నదున్నట్టు చెబుతాను. వేలు మాత్రం పెట్టను. మీ నాన్న గొంతుకే కాదు, ఎవరి గొంతుకూ.”