పడమటి వార్డులో పక్కలు తిప్పేదెవరు?

నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య, రోడ్డు వారగా ఒక చిన్న ఆస్పత్రి ఉండేది. పేరెందుకులెండి. దాని పడమటి వార్డులో రాత్రి డ్యూటీ అంటే చాలు, నర్సులకి జ్వరం వచ్చేది... లీవు చీటీతో సహా!

యాభై ఎనిమిదిలో మాట. అది మంచం దిగలేనివాళ్ళ వార్డు. ఆడా మగా అంతా అక్కడే, మధ్యలో ఒక గుడ్డ తెర. రాత్రి వెల్లకిలా పడుకోబెట్టిన మనిషి తెల్లారేసరికి పక్కకి ఒత్తిగిలి ఉండేవాడు — వీపు వెనక దిండు, ఒంటికి పౌడరు. ఎవరు తిప్పారంటే ఎవరికీ తెలీదు. విషజ్వరంతో పోయిన పాత హెడ్ నర్సమ్మేననీ, చచ్చినా డ్యూటీ మానలేదనీ చెప్పుకునేవారు.

ఇదంతా నాకు చెప్పింది మా మేనత్త జయమణి. అక్కడ ఆయాగా చేసింది. ఆవిడ అబద్ధాలాడదు, కాస్త పెంచుతుందంతే.

ఆ వార్డుకి కొత్తగా కృపావతి అనే నర్సు వచ్చింది. ఇరవై మంది రోగులకి రాత్రిపూట ఒక్కతే. రెండు గంటలకోసారి అందర్నీ పక్కకి తిప్పాలి, లేకపోతే వీపులు పుళ్ళు పడతాయి. తుంటి విరిగిన వీరులపాడు రైతు సుబ్బరాయుడికి అప్పటికే నడుం కింద పుండు పడింది. డాక్టరుగారు చూసి ఒకటే మాటన్నారు.

"ఇంకొక్క రాత్రి వెల్లకిలా ఉంచావంటే పుండు ఎముక దాకా పోతుంది. మనిషీ దక్కడు, నీ ఉద్యోగమూ దక్కదు."

ఆ రాత్రి పదింటికి తిప్పింది. పన్నెండింటికీ తిప్పింది. తర్వాత కుర్చీలో కాస్త వెనక్కి వాలింది... అంతే.

మెలకువ వచ్చేసరికి నాలుగు కొడుతోంది. లాంతరు పట్టుకుని సుబ్బరాయుడి దగ్గరికి పరిగెత్తింది.

ఆయన గోడవైపు తిరిగి ఉన్నాడు... వీపు వెనక దిండు.

"ఎవరు తిప్పారండీ?" అంది.

"ఏమో... చల్లటి చేతులు," అన్నాడాయన కళ్ళు మూసుకునే. "నేను ఆంజనేయస్వామిని తలుచుకుంటున్నా. నువ్వు మీ ప్రభువుని తలుచుకో తల్లీ."

అప్పుడు — వార్డు చివర మంచం ఒకటి కిర్రుమంది.

తెల్లచీర! వంగి, అక్కడున్న రోగిని మెల్లగా తన వైపు తిప్పుకుంటోంది...

పారిపోదామనుకుంది కృపావతి. కానీ భయంతోపాటు సిగ్గు కూడా వేసింది. తన పని దెయ్యం చేస్తోందాయె.

"ఎ... ఎవరది?"

తెల్లచీర ఇటు తిరిగింది. పదో నంబరు మంచం పున్నమ్మ! పక్షవాతంతో ఏడాదిగా కాలు కదపని పున్నమ్మ!

"గట్టిగా అరవమాక," అంది గుసగుసగా. "కాళ్ళొచ్చి ఆర్నెల్లయింది. డాక్టరుకి తెలిస్తే ఇంటికి పంపుతాడు. ఇంటికాడ ఎనిమిది గేదెలమ్మా... వాటికంటే వీళ్ళే నయం. తన్నరు."

కృపావతి లాంతరు కిందికి దించింది.

"నువ్వు పడుకో. ఆరింటికి నేను లేపుతాలే."

పొద్దున రౌండ్సులో డాక్టరుగారు సుబ్బరాయుడి పుండు చూశారు. పెరగలేదు. కృపావతిని అందరి ముందూ మెచ్చుకున్నారు. తర్వాత పదో నంబరు దగ్గర ఆగి, "పాపం, ఈవిణ్ణి జాగ్రత్తగా తిప్పండి" అన్నారు.

కృపావతీ, మా అత్తా, ఇంకో ఇద్దరు ఆయాలూ కలిసి పట్టారు. నలుగురికీ చెమటలు పోశాయి. పున్నమ్మ కట్టెలా బిగుసుకుని, కృపావతి చెవిలో మాత్రం గొణిగింది —

"చెయ్యి నడుం కింద కాదు తల్లీ, తుంటి కింద పెట్టాలి."