పొలుద్నిత్స కంటిపాప

పట్టపగలు... పన్నెండు కొట్టడానికి ఇంక కొద్ది నిమిషాలే ఉన్నాయి!

మబ్బుతునక లేని ఆకాశంలో ఫెళఫెళమంటూ ఉరిమింది. వెలుతురంటే గిట్టని గుడ్లగూబ, పాలేఖ్ గ్రామంలో ఉస్తీన్య ఇంటి కప్పు మీద కూర్చుని వికృతంగా కూసింది. పండిన రై ధాన్యపు చేలలో కొడవళ్లు ఆగిపోయాయి. శ్వేతవస్త్రధారిణి, ప్రచండ తేజోరూపిణి మధ్యాహ్నశక్తి పొలుద్నిత్స చేలలో సంచరించే ఘడియ దగ్గర పడింది! పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఎవరు పని ముట్టుకున్నా ఆమె మెడ విరిచేస్తుంది. అందుకే ఆ ఊళ్లో దేవుడు దిగొచ్చి చెప్పినా గడ్డిపోచ కదపరు.

కానీ ఉస్తీన్య కుంచె పట్టుకుని కూర్చుంది. ఎంత ఖర్మ!

ఆమె ముందు నల్లగా నిగనిగలాడే లక్క పెట్టె. మూత మీద బంగారు చేను, ఆ చేలో పొలుద్నిత్స బొమ్మ, బొమ్మ ఒంటినిండా సంకెళ్లు... అవి మాంత్రికుడు ఎర్మొలాయ్ బెదిరించి వేయించినవి. గుడ్డుసొనతో కలిపే రంగుల్ని వాడు కపాలంలో కలిపించాడు, ఛీ! ఇంక కంటిపాపలే మిగిలాయి. సరిగ్గా పన్నెండుకు ఆ రెండు చుక్కలూ పడితే ఆ మహాశక్తి పెట్టెలో బందీ అవుతుంది... వాడికి యావజ్జీవం దాసి అవుతుంది!

పొయ్యి పక్క బల్ల మీద ఉస్తీన్య చెల్లెలు గ్లఫీర మెలికలు తిరిగిపోతోంది. మూడు రోజులుగా ఆ పిల్ల నోట వినిపిస్తున్నది ఎర్మొలాయ్ గొంతే.

"కన్ను వేస్తే దీన్ని వదిలేస్తావా?" తన వెనకే నిలబడ్డ ఎర్మొలాయ్‌ని అడిగింది ఉస్తీన్య.

"వదిలేస్తా. లేదంటే ఈ గంటలోనే దాని ఊపిరి తీస్తా!"

గోడ గడియారం పన్నెండు కొట్టింది. ఉస్తీన్య కుంచె కింద పెట్టేసింది.

"ఏమే! ఏంటది?"

"పన్నెండైంది. ఈ వేళ మా ఊళ్లో పని చెయ్యం."

"చెల్లెలు చస్తుందే!"

గ్లఫీర రెండు చేతులూ ఆ పిల్ల గొంతునే నులమసాగాయి! ఉస్తీన్యకు ఏడుపు తన్నుకొచ్చింది. అయినా చేతులు కట్టుకుని కదలకుండా కూర్చుంది.

"అంత మొనగాడివైతే నువ్వే పెట్టుకో. రెండు చుక్కలేగా! ఆడపిల్లల మీద మంత్రాలు వెయ్యడం తప్ప ఇంకేం చేతకాదా?"

ఎర్మొలాయ్ అహంకారం భగ్గుమంది. "ఈ ఘడియ నాది! అది నా దాసి!" అని గర్జించి, కుంచె లాక్కుని, కపాలంలో ముంచి, ఒక కంట చుక్క పెట్టాడు.

పని చేశాడు! మిట్టమధ్యాహ్నం... స్వహస్తాలతో పని చేశాడు!

తలుపులు ఊడిపడ్డాయి. నిప్పులు చెరిగే శ్వేతకాంతి గది నిండింది. కపాలం వెయ్యి ముక్కలైంది.

"ఆగు! నేను నీ యజమా..."

మాట పూర్తి కాలేదు. వాడి మొహం వీపువైపుకు తిరిగిపోయింది! ఎర్మొలాయ్ నేల మీద కుప్పకూలాడు.

అప్పుడా వెలుగు ఉస్తీన్య వైపు మళ్లింది. ఆమె తల దించలేదు.

"చూడు, నా చేతులు ఖాళీ. గంట దాటాక ఆ సంకెళ్లు నేనే గీకేస్తా. ఇంకోసారి ఎవడు చంపుతానన్నా నిన్ను కట్టేసే బొమ్మ మాత్రం వెయ్యను. వెళ్లు తల్లీ!"

ఆ కాంతి ఆమె ఖాళీ చేతుల్ని తాకి... చేలవైపు సాగిపోయింది.

ఒంటిగంట కొట్టాక ఉస్తీన్య కత్తి తీసి ఒక్కో సంకెలా గీకేసింది. వెనక బల్ల మీంచి బొంగురుపోయిన గొంతు వినిపించింది. గ్లఫీర సొంత గొంతు!

"అక్కా... వాడు నా నోటితో నిన్ను తిట్టాడా?"

"మూడు రోజులూ తిట్టాడే" అంది ఉస్తీన్య, చెల్లెల్ని వాటేసుకుని బావురుమంటూ. "పాపం, నీ అంత బాగా చేతకాలేదు వాడికి!"