ఇయ్యాల రెండు నలభైకి

పాము వచ్చింది బొగ్గుగని కార్మికుల లైను చివరి క్వార్టర్లోకి. ఆ సంగతి లైనంతటికీ తెలుసు, ముందు రోజే రాజం అవ్వ ఇంట్లో అద్దెకు దిగిన సుజితకు తప్ప.

ఆమె వెనక గదిలో గిన్నెలు కడుగుతోంది. ఒక్కసారిగా నేల అదిరింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. గూట్లోని స్టీలు గ్లాసు దొర్లి కింద పడింది. ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ చేశారు, అంతే. గోదావరిఖనిలో ఆ చప్పుడుకు ఊయల్లో పిల్లలు కూడా కళ్లు తెరవరు.

సుజితకు మాత్రం చేతిలోని గిన్నె జారిపోయింది.

గోలేటిలో బొగ్గు కార్మికుడి ఇంట పుట్టిన పిల్ల, ఈ చప్పుడు ఎరగనిది కాదు. కానీ ఆరేళ్లు ఆమె సహవాసం అని పిలుచుకునే ఒక కట్టుదిట్టమైన క్రైస్తవ సంఘంలో ఉంది. "భూమి అదురుతుంది, బూర మోగుతుంది, మన మంద పైకి ఎత్తబడుతుంది. మనల్ని విడిచి వెళ్లినవాళ్లు ఖాళీ వీధుల్లో మిగిలిపోతారు" అని అక్కడి పెద్దయ్య వారం వారం చెప్పేవాడు. అమ్మానాన్నలు ఇంకా అందులోనే ఉన్నారు. ఆమె ఒక్కతే విడిచి వచ్చి ఎనిమిది నెలలైంది. ఆ మాటలన్నీ అబద్ధమని తలకు తెలుసు. కాళ్లకే ఇంకా తెలియలేదు.

"అవ్వా" అని పిలుస్తూ ముందు గదిలోకి వచ్చింది. అవ్వ లేదు. గడప దగ్గర కత్తిపీట, దాని పక్కన సగం తరిగిన బీరకాయ, అవ్వ చెప్పులు. పక్కింటి వరండాలో చెప్పులున్నాయి, మనుషులు లేరు. ఎదురింట్లో కుక్కర్ తన పాటికి తాను కూతలు వేస్తోంది. వీధి ఆ చివర దాకా ఖాళీ.

పామును చూడడానికి పరుగెత్తేవాళ్లు చెప్పులు వెతుక్కుంటారా? పాము సంగతి సుజితకు తెలిసి ఉంటే ఈ కథే లేదు.

సబ్బు నురగ చేతులతో వీధిలో పడింది. మలుపులో ఒక యువకుడు పంక్చరైన బండి తోసుకుంటూ వస్తున్నాడు. ఆమె పోయి అతని చొక్కా చేయి పట్టుకుంది.

"మిమ్మల్ని కూడ విడిచిపెట్టిన్రా?"

"ఎవలు?"

"దేవుడు."

అతను ఆమెను చూశాడు, నురగ అంటిన తన చొక్కాను చూసుకున్నాడు.

"దేవుని సంగతి తెల్వదు గని, ఇప్పుడైతే టైరు విడిచిపెట్టింది" అన్నాడు.

అతని పేరు ఎడ్వర్డ్. పుట్టినప్పటి నుంచి ఆదివారం ఆదివారం చర్చికి పోయేవాడే కాబట్టి, రెండు క్షణాల్లో విషయం అర్థమైంది. "ప్రభువు రాకడ అనుకున్నరా ఏంది? అయ్యో, అది బ్లాస్టింగ్. రోజు మేమే పేలుస్తం. ఇయ్యాల నాకు రెస్టు గాబట్టి వేరేటోళ్లు పేల్చిన్రు" అని పగలబడి నవ్వాడు.

సరిగ్గా అప్పుడే చివరి క్వార్టర్ నుంచి లైనంతా తిరిగి వచ్చింది, చచ్చిన పామును కర్రకు వేలాడేసుకుని. ముందు నడుస్తున్న రాజం అవ్వ, "ఏమైంది బిడ్డా, గట్ల ఏడుస్తున్నవ్?" అంది.

తను ఏడుస్తున్నట్టు సుజితకు అప్పుడు తెలిసింది. డిగ్రీ చదివింది, సోమవారం నుంచి మీసేవ సెంటర్‌లో ఉద్యోగం, నడివీధిలో ముక్కూమొహం తెలియని మగవాడి చొక్కా పట్టుకుని ఏడుస్తోంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఎడ్వర్డ్ నవ్వు ఆగిపోయింది. తను ఏం చూసి నవ్వాడో అతనికి ఇంటికి పోయేదాకా అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

వారం తర్వాత, రాజం అవ్వను అడిగి తెలుసుకుని, మీసేవ సెంటర్‌లో ఆధార్ కార్డు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం మార్చాలె?" అంది సుజిత, తలెత్తకుండా.

"ఏం మార్చద్దు. సారీ చెప్పనీకి వచ్చిన. లైన్ల నిలబడాలంటే చేతుల ఏదన్న కాయితం ఉండాలె గదా."

"చెప్పిన్రు గదా. పోండ్రి."

"ఇంకోటి. మీ నంబర్ ఇస్తే, ఇయ్యాల ఎన్నింటికి పేలుస్తమో ముందే మెసేజ్ పెడ్త. మైన్ల ఫోన్ బయట పెట్టి దిగాలె. దిగే ముందు పెడ్త. ఒక్క టైమే. గుడ్ మార్నింగులు, పూల బొమ్మలు పెట్ట."

ఆమె తలెత్తింది. జాలిపడుతున్నాడేమోనని చూసింది. అతని ముఖంలో భయమే ఎక్కువ కనిపించింది. నంబరు రాసిచ్చింది.

మర్నాడు ఒంటిగంటకు ఫోను మోగింది. "ఇయ్యాల రెండు నలభైకి. అటు ఇటు పది నిమిషాలు."

రెండున్నరకే ఆమె రెండు చేతులూ టేబుల్ మీద ఆనించి కూర్చుంది. నేల అదిరింది. కానీ గడియారం రెండు నలభై మూడు చూపిస్తోంది, కౌంటర్ ముందు ముసలాయన పింఛను కాగితం పట్టుకుని ఆవులిస్తున్నాడు, ప్రపంచం ఎక్కడికీ పోలేదు. ఆమె ఆ ముసలాయనను ఎంత ప్రేమగా చూసిందంటే, ఆయన వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారా అని చూసుకున్నాడు.

అలా నాలుగు నెలలు. టైము పక్కన మెల్లగా ఒక్కో మాట చేరింది. "రెండు పది. వాన పడెటట్టున్నది, గొడుగు ఉన్నదా?" "మూడు. లేటైతది, ఫికర్ చెయ్యకు." మీరు పోయి నువ్వు ఎప్పుడు వచ్చిందో ఇద్దరిలో ఎవరూ గమనించనట్టు నటించారు. చేతులు టేబుల్ మీద ఆనించడం మానేసింది. సెలవు రోజుల్లో చౌరస్తా దగ్గర చాయ్. ఒకసారి మల్లెపూల బండి ముందు ఆమె ఆగిపోతే అతను అడిగాడు.

"కొనుక్కో. చూసుడెందుకు?"

"మా సహవాసంల పూలు పెట్టుకోనిచ్చేటోళ్లు కాదు. ఇప్పుడు పెట్టుకోవాలన్నా చెయ్యి వస్తలేదు."

అతను ఒక మూర కొని, తన బండి హ్యాండిల్‌కు చుట్టాడు. "బండికి ఏ సంఘం లేదు. నీకు చెయ్యి వచ్చినరోజు కొత్తయి కొందాం." ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి అతను బండి స్టార్ట్ చెయ్యడం మరిచిపోయి కిక్కు మీద కాలు పెట్టుకుని నిలబడ్డాడు.

ఆషాఢం వాన మొదలైన రోజు, బస్టాండ్ రేకుల కింద నిలబడి చెప్పాడు. "మా అమ్మతోని మాట్లాడిన. నిన్ను తీస్కరమ్మన్నది."

సుజిత నవ్వు ఆపుకోలేక వాన వైపు తిరిగింది.

"ముందే ఒక మాట చెప్తున్న. మా అమ్మకు ఎడమ చెయ్యి సరిగ లేవదు. నాలుగేండ్ల కింద మీ లాంటి సంఘానికే పోయేది, నాకు తెల్వకుండ. అక్కడ మందులు మింగుడే పాపమంట. అమ్మ బీపీ గోలీలు మింగుతదని ఎవతో చిన్న పిల్ల అందరి ముందట నిలబడి చీటీ చదివిందంట. అవమానమైంది. ఇంటికొచ్చి గోలీలన్ని మోరీల పారేసింది. పదిహేను రోజులకు పడిపోయింది." అతని గొంతులో ఎప్పుడూ వినని గరుకుదనం వినిపించింది. "ఆ పిల్ల పేరు అమ్మ చెప్పదు. దొరికితే ఒక్కటే అడుగుదామనుకున్న, ఏం బాగుపడ్డవమ్మా అని."

తర్వాత జేబులోంచి ఫోను తీసి తల్లి ఫోటో చూపించాడు.

సువార్తమ్మ. నెరిసిన జుట్టు, గుండ్రని ముఖం, కుడి కనుబొమ మీద చిన్న పుట్టుమచ్చ.

సహవాసంలో ప్రతి శనివారం ఒక చీటీ రాయాలి, ఇంకొకరి తప్పు మీద. రాయకపోతే నీలోనే తప్పుందని లెక్క. ఆదివారం లేచి చదవాలి. నాలుగేళ్ల కింద అన్ని ఊళ్లవాళ్లూ కలిసే పెద్ద కూటంలో, ఒక శనివారం సుజితకు రాయడానికి ఏమీ దొరకలేదు. చేతులు కడుక్కోవడానికి పోతే, నల్లా దగ్గర కుడి కనుబొమ మీద పుట్టుమచ్చ ఉన్న ఒకామె చీర కొంగు చాటున గోలీ వేసుకుంటూ కనిపించింది. సుజితను చూసి ఆమె భయపడలేదు, చిన్నగా నవ్వింది. మరునాడు సుజిత లేచి చదివింది. పెద్దయ్య మెచ్చుకున్నాడు. ఆ మెప్పుకు తను పొంగిపోయింది కూడా. అన్నిటికంటే అదే ఇప్పుడు ఆమెను ఎక్కువ కాలుస్తోంది.

"నాకు పనున్నది" అని, వానలోనే వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఎడ్వర్డ్ ఫోను చేస్తే ఎత్తలేదు. ఏం చెబుతుంది? చెప్పకుండా ఆ ఇంటి కోడలై, ఆ చేతిని రోజూ చూస్తూ బతకడమా? చెప్పి, రోజూ ఒంటిగంటకు మోగే ఆ ఫోనును పోగొట్టుకోవడమా?

మెసేజ్‌లు మాత్రం ఆగలేదు. ఎందుకు పోయావని లేదు, ఏమైందని లేదు. "రెండు ఇరవై." "రెండు నలభై." "రెండు ముప్పై ఐదు." "రెండు నలభై." నాలుగో రోజు ఆ అంకెలు చూసి ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంత మర్యాదగా ఉండేవాడిని మోసం చేయడం ఆమె వల్ల కాలేదు.

అయిదో రోజు అతనికి రెస్టు. సెంటర్‌లో సెలవు పెట్టి, మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లింది.

ఎడ్వర్డ్ తలుపు దగ్గరే ఎదురయ్యాడు. సంతోషం దాచుకోవడం అతనికి రాదు. "అమ్మా, సుజిత వచ్చింది" అని ఇల్లంతా వినపడేలా చెప్పాడు. సువార్తమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఎడమ చేయి ఒళ్లో, పెట్టినచోటే ఉంది.

"రా బిడ్డా, కూసో."

సుజిత కూర్చోలేదు. "అమ్మా, గోలీల సంగతి చదివింది నేనే" అంది. నాలుగు రోజులు కూడబలుక్కున్న మాటలన్నీ పోయి ఆ ఒక్కటే మిగిలింది. "నల్లా కాడ నన్ను చూసి మీరు నవ్విన్రు. అయినా రాసిన. పోయినేడు నాకు జ్వరమొచ్చి దొంగతనంగ గోలీ కొనుక్కుంటే, నా మీద ఇంకొకలు రాసిన్రు. అప్పుడు మీరు యాదికొచ్చిన్రు. అప్పటిదాక రాలే. అది చెప్పనీకి నాకు సిగ్గైతున్నది."

ఎడ్వర్డ్ ఆమె ముఖం వైపు చూడలేదు. వరండాలోకి పోయి, వీపు తిప్పి నిలబడ్డాడు. సుజిత ఆ వీపును చూసింది. అయిపోయింది అనుకుంది.

"నాకు తెలుసు" అంది సువార్తమ్మ.

సుజిత ఇటు తిరిగింది.

"నెల కిందనే నీ ఫోటో చూపించిండు. చూడంగనే గుర్తుపట్టిన. వానికి చెప్పలే. వచ్చి చెప్తదా, చెప్పకుండ పెండ్లి చేసుకుంటదా చూద్దామనుకున్న. చెప్పకపోతే ఒప్పుకోకపోదును." ఆమె తన ఎడమ చేతిని చూసుకుంది. "ఒక ఏడాది నిన్ను తిట్టని రోజు లేదు. అబద్ధమెందుకు?"

"తిట్టుండ్రి."

"తిట్టి తిట్టి ఒకనాడు నా చీటీ యాదికొచ్చింది. నేను రాయలేదా? ఒకామె కొడుక్కు కండ్లద్దాలు కొనిచ్చిందని రాసిన, దేవుని మీద నమ్మకం లేదని. ఆ పోరని అద్దాలు అందరి ముందట తీపిచ్చిన్రు. ఆమె ఇల్లు గీ మార్కెట్ ఎన్కనే. నాలుగేండ్లైంది, ఆ గల్లీలకు పోలే. ఎదురుపడ్తదని కూరగాయలకు గూడ వేరే దిక్కు పోత." సువార్తమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు నా ఇంటిదాక వచ్చినవు. నేను పోలేకపోయిన. నన్ను తోలుకపోతవా ఆమె ఇంటికి?"

సుజిత తోలుకపోతనని చెప్పబోయింది. మాట బయటికి రాకముందే నేల అదిరింది.

అతనికి రెస్టు కాబట్టి ఈ రోజు మెసేజ్ లేదు. కిటికీలు గడగడలాడాయి. మంచం కింద చెంబు కదిలింది. సుజిత కాళ్లు పాత అలవాటుగా తలుపు వైపు తిరిగాయి. గడప అవతల ఎడ్వర్డ్ చెప్పులు కనిపించాయి, ఖాళీగా. మరుక్షణం, చెప్పుల పక్కనే అతని రెండు పాదాలూ కనిపించాయి. వరండా గచ్చు మీద, వాన జల్లుకు తడుస్తూ.

ఆమె కదల్లేదు. అదురు ఆగేదాకా ఆ పాదాలనే చూస్తూ నిలబడింది.

"టైమైంది" అంది సువార్తమ్మ, ఏమీ జరగనట్టు. "ఆ డబ్బాల గోలీలున్నయి. ఒక్క చేత్తోని చింపరాదు. జర తీసియ్యి బిడ్డా."

సుజిత డబ్బా తెరిచింది. మొదటి గోలీ చేయి జారి మంచం కిందికి దొర్లింది. రెండోది తీసి సువార్తమ్మ అరచేతిలో పెట్టి, చెంబులో నీళ్లు అందించింది. సువార్తమ్మ కొంగు చాటు చేసుకోలేదు. అందరి ముందూ, అంటే ఆ ఇద్దరి ముందూ, గోలీ మింగి నీళ్లు తాగింది.

వరండాలోంచి ఎడ్వర్డ్, ఇటు తిరగకుండానే అన్నాడు.

"రెండు యాభై రెండు. ఇయ్యాల లేట్ పేల్చిన్రు."

గొంతు ఇంకా గరుకుగానే ఉంది. అయినా టైము చెప్పాడు. సుజిత గోలీల డబ్బా మూత పెట్టి, అప్పుడు కూర్చుంది.