శరణ్య ఫొటోలో మసక

ఆమనికి ఇరవై తొమ్మిదేళ్ళు. టీ చల్లారాక తాగుతుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం కూడా తెనాలి బోసు రోడ్డులో, వాళ్ళ ఫొటో స్టూడియోలో, కంప్యూటరు పక్కన గ్లాసు పెట్టుకుని కూర్చుంది. రెండు వేల ఆరు, ఆగస్టు. బయట ముసురు. షట్టరు సగం దించి ఉంది. స్టూడియో మొగుడిది, పని ఆమనిది. మొగుడు విజయసారథి గారికి కెమెరా పట్టుకోవడం వచ్చు, పెళ్ళివారితో నవ్వడం వచ్చు. స్కానరు మూత ఎటు తెరుచుకుంటుందో తెలీదు.

ఆవేళ స్కాన్ చెయ్యాల్సింది సవతి ఫొటో.

శరణ్య పోయి మూడేళ్ళు. రేపల్లె పిల్ల. నిద్రలోనే గుండె ఆగిందని చెప్పారు. ఆ మరుసటి ఏడే ఆమని ఆ ఇంటికి వచ్చింది. వచ్చిన రోజే మెడలో సవతి బిళ్ళ వేశారు. చనిపోయిన పెద్ద భార్య పేర రెండో భార్య మొయ్యాల్సిన బంగారు బిళ్ళ అది. కొత్త చీర ఏది కొన్నా ముందు శరణ్య ఫొటో దగ్గర పెట్టాలి. ఆవిడ కట్టి విడిచాక ఆమని కట్టుకున్నట్టు. చచ్చిన మనిషికి మడత విప్పని చీరలు, బతికున్న మనిషికి విడుపు బట్టలు.

అన్నిటికంటే ఆమనిని కాల్చింది ఆ చావు. "ముత్తయిదువగా పోయింది తల్లి. ఒళ్ళంతా పసుపు రాసి పెళ్ళికూతుర్ని చేసి పంపాం. వీధి వీధంతా దణ్ణం పెట్టింది" అని అత్తగారు నాగేశ్వరమ్మ ఇంటికి ఎవరొచ్చినా చెప్పేది. సవతి చావు చూసి కూడా కుళ్ళుకోవడం ఏంటని ఆమనికి తన మీద తనకే అసహ్యం వేసేది. అయినా కుళ్ళు ఆగేది కాదు.

ఇప్పుడు సంవత్సరీకానికి ఆ పోస్టుకార్డు సైజు ఫొటోని పెద్దది చేయించి హాల్లో పెడతారట. అక్కడున్న ఆమని పెళ్ళి ఫొటో దింపేస్తారట.

"మరి మా ఫొటో ఎక్కడ పెడతారండి అత్తయ్యా?"

"మంచం కింద చోటు లేదా ఏంటి?" నాగేశ్వరమ్మ స్టూలు దగ్గరికి లాక్కుంది. "నువ్వు దీన్ని పాడుచేస్తావనే పక్కన కూచున్నా. ఊఁ, కానీ."

మొదటి స్కాన్‌లో శరణ్య గడ్డం కింద బూడిదరంగు మసక వచ్చింది. ఆమని మనసు గంతేసింది.

"పాడైపోయిందండి. పెద్దది చేస్తే అసహ్యంగా ఉంటుంది."

"కంటికి శుభ్రంగానే ఉందిగా! ముందు నీ మిషను తుడు."

తుడిచింది. మెత్తటి గుడ్డతో, మధ్య నుంచి అంచులకి. వంగినప్పుడు సవతి బిళ్ళ తగిలి అద్దం గీసుకుందేమోనని టార్చిలైటు వేసి చూసింది. గీత లేదు. లోపలి దీపం వేడెక్కనిచ్చి మళ్ళీ చేసింది. మసక ఉంది. ఫొటో వెనక నల్ల కాగితం పెట్టి చేసింది. ఉంది.

లోపం స్కానరుదైతే, ఫొటోని ఎటు తిప్పినా మచ్చ అద్దం మీద ఉన్నచోటే ఉంటుంది. ఫొటోదైతే ఫొటోతో పాటు తిరుగుతుంది. ఆమని ఫొటోని తలకిందులుగా పెట్టింది. మచ్చ శరణ్య మెడతో పాటే తిరిగింది.

"చూశారా? తప్పు ఫొటోదే." గెలిచినట్టు భూతద్దం తెచ్చి ఫొటో మీద పెట్టింది.

నున్నటి మెడ. మచ్చ లేదు.

ఆమని వీపు చల్లబడింది.

ఇంకో ఫొటో పెట్టి చూడడం ఒక్కటే మిగిలింది. సొరుగులో తమ పెళ్ళి ఫొటో చిన్న కాపీ ఉంది. పెట్టింది. తెర మీద పెళ్ళికొడుకు మెరిసిపోతున్నాడు. పెళ్ళికూతురి గడ్డం కింద... అదే మసక.

"ఏంటే అది?" నాగేశ్వరమ్మ స్టూలు మీంచి లేచింది.

ఆమని రిజల్యూషన్ మూడు వందల నుంచి పన్నెండు వందలకి పెంచింది. ముందు శరణ్యని పెట్టింది. మూత అంచుల్లోంచి తెల్లటి వెలుగు చీమలా పాకింది. గర్ర్... ఆగింది... గర్ర్... ఎక్కడి నుంచో తడి పసుపు వాసన. బొమ్మ పైనుంచి కిందికి విప్పుకుంటోంది. నుదురు. కళ్ళు. గడ్డం.

మెడ.

మసక కాదు. వేళ్ళు. ఒక పక్క లావుపాటివి నాలుగు. ఇంకో పక్క ఒకటి.

నాగేశ్వరమ్మ తెర మీదికి వంగింది. "పసుపు దట్టంగా పట్టిస్తే అప్పుడు కనపళ్ళేదే..." అంది, తనలో తను.

ఆమని తల తిప్పలేదు. "ఏంటండి కనపడంది?"

షట్టరు మీద వాన.

"చెరిపెయ్యమ్మాయ్... కంప్యూటర్లో చెరిపితే పోతుందంటగా." గుసగుసలాడుతోంది. "వాడితో అనకు. వాడికి అనుమానం జాస్తి, అంతే. మనసు వెన్న."

మూడేళ్ళ కిందట ఆ వెన్న చేతులు ఏం చేశాయో ఆమనికి అర్థమైంది. తను విని కుళ్ళుకున్న ఆ పసుపు దేనికి రాశారో అర్థమైంది. ఆ వేళ్ళ గుర్తులు పూడ్చడానికి. వీధంతా దణ్ణం పెట్టింది ఆ పూతకి.

పారిపోవాలనిపించింది. అయినా చెయ్యి ఆగలేదు. తన ఫొటో పెట్టి బటన్ నొక్కింది.

గర్ర్... ఆగింది... గర్ర్...

తన మెడ మీద కూడా వేళ్ళే. కానీ ఇవి లావువి కాదు. సన్నవి, పొడుగువి. మణికట్టు దగ్గర గాజుల అంచులు... ఆడమనిషి చెయ్యి.

అత్తగారి చేతులు చూసింది. పొట్టి వేళ్ళు. తన చేతులు చూసుకుంది.

తనవీ కాదు. పక్కనున్న ఫొటోలో శరణ్య చేతికి అవే గాజులు.

రెండు స్కాన్లూ సీడీలోకి ఎక్కించుకుని, ఆ సాయంత్రం ఆమని రేపల్లె ప్యాసింజరు ఎక్కింది. శరణ్య తల్లికి సీడీ ఇచ్చి, అత్తగారన్న మాట పొల్లు పోకుండా చెప్పింది. మళ్ళీ తెనాలి రాలేదు. బాపట్లలో జిరాక్సు షాపు పెట్టుకుంది. విడాకులు తీసుకుని, రెండు వేల తొమ్మిదిలో ఇంకో పెళ్ళి చేసుకుంది. ఆ పెళ్ళిలో ఒక్క ఫొటో కూడా తియ్యనివ్వలేదు.